కొండబాటల మోటారుబండ్లు – వాని జాతినిర్ణయము

గబ్బిలము ఆకాశమున నెగురును. అయినను అది పక్షి కాదు. తిమింగిలము సముద్రమున నీదును. అయినను అది చేప కాదు. ఈ సంగతిని మన పాఠశాలలో చిన్న తరగతుల విద్యార్థులు సైతము ఎరుగుదురు. రెక్కలను జూచి గాని, నివసించు తావును జూచి గాని జాతిని నిర్ణయింపరాదనియు, ఎముకల యమరికను, రక్తముయొక్క స్వభావమును, పిల్లలను పెంచు విధమును పరిశీలించి నిర్ణయింపవలెననియు ప్రకృతిశాస్త్రోపాధ్యాయులు బోధించుచున్నారు. కాని పాఠశాల వాకిలి దాటి వీధిలోనికి వచ్చినతోడనే మన మీ నియమమును మరచుచున్నాము. ఎత్తైన చక్రములును, చదరపు ముఖమును, వెనుక తగిలించిన యదనపు చక్రమును గల బండి యేది కనబడినను దానిని జీపు అనుచున్నాము; లేదా అమ్మువారు చెప్పిన మాటను నమ్మి ఫోర్ వీల్ డ్రైవ్ అనుచున్నాము. వంగి దాని క్రింద ఏమి యున్నదో చూచువారు మిక్కిలి యరుదు.

ఇది పేర్లకు సంబంధించిన చిన్న ముచ్చటయే గదా, దీనికై ఇన్ని పుటలు వెచ్చింపనేల యని పెద్దలు కొందరు ప్రశ్నింపవచ్చును. పేరు తప్పినచో దాని వెంట వచ్చు లెక్కలన్నియు తప్పును. ఏ బండికి ఎంత పన్ను విధింపవలెనో, ఏ పాతబండిని చారిత్రక వస్తువుగా కాపాడవలెనో, ఏ బండిని నమ్మి రోగిని ఎక్కించుకొని బురదబాటలో దిగవచ్చునో, ఇవి యన్నియు వర్గీకరణము మీదనే ఆధారపడి యున్నవి. కావున మా యభిప్రాయమును మొదటనే స్పష్టముగా చెప్పుచున్నాము. ఇట్టి బండ్లను పేరును బట్టి గాని, రూపమును బట్టి గాని, పొడవును బట్టి గాని వర్గీకరింపరాదు. వాని క్రింది యమరికను బట్టియు, అవి ఏ పనికై పుట్టినవో ఆ పనిని బట్టియు వర్గీకరింపవలెను.

మొదట ఆ యమరిక యెట్టిదో తెలిసికొందము. సాధారణమైన మోటారుబండిలో ఇంజను పుట్టించు శక్తి రెండు చక్రములకే చేరును. తక్కిన రెండును బండితో పాటు దొర్లునే గాని లాగవు. ఇట్టి దానిని ఇంజనీర్లు 4×2 అని వ్రాయుదురు. మొదటి యంకె చక్రముల మొత్తమును, రెండవ యంకె శక్తి పొందు చక్రములను తెలుపును. నాలుగింటికిని శక్తి చేరినచో అది 4×4. ఆరు చక్రముల లారీలో ఆరింటికిని చేరినచో అది 6×6. వెనుక చక్రములు బురదలో కూరుకొని ఊరక తిరుగుచున్నప్పుడు ముందు చక్రములు నేలను పట్టి బండిని లాగగలవు. ఇక్కడ విద్యార్థులు గుర్తింపవలసిన విషయ మొకటి కలదు. నాలుగు చక్రములకు పంచినంత మాత్రమున ఇంజను శక్తి రెట్టింపు కాదు. నేలపై పట్టు మాత్రమే పెరుగును.

ఈ పంపకము చేయునది గేరుపెట్టె వెనుక నుండు మరియొక పెట్టె. దీనిని ట్రాన్స్‌ఫర్ కేసు అందురు. అచ్చటి నుండి ఒక కడ్డీ ముందు ఇరుసునకును, ఒక కడ్డీ వెనుక ఇరుసునకును పోవును. పూర్వపు మంచి బండ్లలో ఈ పెట్టెకు రెండు వేగము లుండును. ఒకటి రహదారికి, రెండవది కొండకు. రెండవదానిని వేసినప్పుడు బండి నడక మందగించును గాని చక్రమునకు చేరు త్రిప్పుబలము చాల హెచ్చును. బరువుతో నున్న బండి నిటారైన దారిని నత్తనడకతో ఎక్కుటకును, అంతకంటె ముఖ్యముగా, బ్రేకులను కాల్చివేయకుండ ఇంజను పట్టుతోనే మెల్లగా దిగుటకును ఈ లో గేరే ఆధారము. మా దృష్టిలో కొండబాటల బండికి నాలుగు చక్రముల శక్తి యెంత ముఖ్యమో, ఈ మంద గేరును అంతే ముఖ్యము.

ఇక డిఫరెన్షియల్ అను అమరికను గూర్చి చెప్పవలెను. మలుపులో వెలుపలి చక్రము లోపలి చక్రముకంటె ఎక్కువ దూరము తిరుగవలెను గదా. అందుకై ఇరుసు నడుమ ఈ పండ్లచక్రముల గుత్తిని ఉంచిరి. కాని దీనికొక దోషము కలదు. ఒక చక్రము గాలిలో లేచినప్పుడు గాని, జారుడు బురదలో పడినప్పుడు గాని శక్తి యంతయు ఆ నిరుపయోగమైన చక్రమునే త్రిప్పుచు వ్యర్థమగును. గట్టినేలపై నున్న చక్రము కదలదు. అందువలన అవసరమైనప్పుడు డిఫరెన్షియల్‌ను బిగించి రెండు చక్రములను ఒక్కటిగా త్రిప్పు తాళమును కనిపెట్టిరి. నాలుగు చక్రముల శక్తి గల బండి యైనను, తాళము లేనిదైనచో, ముందొకటి వెనుకొకటి చక్రములు జారిన మాత్రముననే నిలిచిపోవచ్చును.

మలుపులో వెలుపలి, లోపలి చక్రములకు మాత్రమే గాక ముందు, వెనుక ఇరుసులకును దూరములో భేద ముండును. పాతకాలపు జీపులలో రెండు ఇరుసుల నడుమ డిఫరెన్షియల్ లేదు. కావున పొడి తారురోడ్డుపై నాలుగు చక్రములకును శక్తినిచ్చి నడిపినచో టైర్లు అరుగును, కడ్డీలు మెలిపడును. బురదలోను ఇసుకలోను చక్రము కొంచెము జారుట వలన ఆ బాధ తీరును. ఇట్లు అవసరమైనప్పుడే ముందు ఇరుసును కలుపు బండ్లు మొదటి విధము. నడుమను గూడ డిఫరెన్షియల్ ఉంచి ఎల్లప్పుడును నాలుగు చక్రములను లాగించునవి రెండవ విధము. సాధారణముగా ఒక ఇరుసుతోనే నడచుచు, చక్రము జారినప్పుడు యంత్రమే తనంతట రెండవ ఇరుసును కలుపునవి మూడవ విధము. ఈ మూడింటి భేదమును ఎరిగిన వానికి వర్గీకరణములో సగము తెలిసినట్లే.

ఇప్పుడు వీని పుట్టుకను సంగ్రహముగా చూతము. నాలుగు చక్రములను లాగించు యత్నము జీపుతో మొదలు కాలేదు. 1903లో హాలెండు దేశపు స్పైకర్ సోదరులు నాలుగు చక్రములకును శక్తి గల పందెపు కారును నిర్మించిరి. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రమున ఫోర్ వీల్ డ్రైవ్ అనునదే తన పేరుగా గల సంస్థ వెలసి, మొదటి ప్రపంచయుద్ధమునకు వేలకొలది లారీల నిచ్చెను. అయితే చిన్నది, తేలికైనది, చౌకయైనది కావలెనను కోరిక 1940లో అమెరికా సైన్యమునకు కలిగినది. ఆ సంవత్సరము జూలైలో 135 సంస్థలకు పిలుపు పంపగా, పెన్సిల్వేనియాలోని బట్లర్ పట్టణమునందలి బాంటమ్ అను చిన్న సంస్థ కార్ల్ ప్రాబ్స్ట్ అను ఇంజనీరు సాయముతో పని మొదలుపెట్టి సెప్టెంబరు 23వ తేదీననే నమూనా బండిని సైన్యమునకు ఒప్పగించెను. బండి బరువు 1,300 పౌన్లు మించరాదని సైన్యము మొదట విధించిన నియమమును మాత్రము ఎవ్వరును నెరవేర్పలేకపోయిరి.

పిదప విల్లీస్ సంస్థయు ఫోర్డు సంస్థయు రంగమున దిగినవి. 60 గుర్రముల బలము గల విల్లీస్ ఇంజను మేలైనదని తేలుటచే, ఆ నమూనాలోనే ఇరువురును బండ్లు చేయవలసి వచ్చినది. 1941 నుండి 1945 వరకు ఆరు లక్షలకు పైగా జీపులు తయారైనవి. 80 అంగుళముల చక్రాంతరము, మూడు గేర్లు, రెండు వేగముల ట్రాన్స్‌ఫర్ కేసు, కమాను పట్టీలపై నిలిచిన గట్టి ఇరుసులు, తలుపులు లేని రేకు పెట్టె: ఇదియే దాని స్వరూపము. ఇందులో అందమునకై చేసిన దొక్కటియు లేదు. ప్రతి వంపునకును ఒక పని కలదు. తరువాతి తరములవారు ఆ రూపమును మాత్రము అనుకరించి పనిని విడిచిరనునదే మా ఫిర్యాదు.

యుద్ధము ముగిసిన పిమ్మట ఆ బండి పొలములోనికి దిగినది. ఇంగ్లండులోని రోవర్ సంస్థలో ముఖ్య ఇంజనీరైన మారిస్ విల్క్స్ వేల్సు దేశపు ఆంగ్లసీ ద్వీపమున గల తన వ్యవసాయక్షేత్రములో ఒక విల్లీస్ జీపును వాడుచుండెను. దాని ప్రేరణతోనే ల్యాండ్ రోవర్ పుట్టినది. 1948 ఏప్రిల్ 30వ తేదీన ఆమ్‌స్టర్‌డామ్ ప్రదర్శనలో దానిని లోకమునకు చూపిరి. ఆ కాలమున ఉక్కునకు కరవు, అల్యూమినియమునకు కొదవ లేదు. కావుననే దాని మైపూత రేకు అల్యూమినియపు మిశ్రలోహముతో చేయబడినది. లేమి వలన చేసిన ఈ పని తుప్పు పట్టని గుణముగా పరిణమించుట గమనింపదగినది. జపాను దేశమున 1951లో టొయోటా సంస్థవారు జీపు వంటి బండిని చేసి, ఫుజి పర్వతముపై ఆరవ మజిలీ వరకు ఎక్కించిరి. 1954లో దానికి ల్యాండ్ క్రూజర్ అను పేరు వచ్చినది. ఆ 1951వ సంవత్సరముననే నిస్సాన్ సంస్థవారి పాట్రోల్ బండియు వెలువడెను.

మన దేశపు కథయు దీనికి సంబంధించినదే. 1947లో మహీంద్రా సంస్థ బొంబాయిలో విల్లీస్ జీపులను కూర్చుట ప్రారంభించినది. తరువాత సీజే-3బీ అను నమూనా మన దేశముననే తయారగుచు దశాబ్దములు నిలిచినది. సైన్యమునకై జబల్పూరు కర్మాగారమున నిస్సాన్ పాట్రోల్ నమూనాపై జోంగా అను బండిని చేసిరి. 1985లో మారుతి సంస్థ జపాను సుజుకీ బండిని జిప్సీ అను పేరుతో తెచ్చినది. వెయ్యి ఘనసెంటీమీటర్లకు లోపలి చిన్న ఇంజనే యైనను, తేలికతనము వలన అది హిమాలయములందును ఎడారులందును సైన్యమునకు తోడైనది. తెలుగునాట తహశీల్దారు, పోలీసు, అటవీశాఖవారు, వైద్యశాఖవారు అందరును జీపులమీదనే తిరుగుటచే, పల్లెలో జీపు వచ్చినదనిన సర్కారు వచ్చినదని యర్థముగా నుండెను. మన్యపు సంతలకు జనమును చేరవేసిన సర్వీసు జీపులను పెద్దలు నేటికిని తలచుకొందురు.

ఇక్కడనే చిక్కు ఆరంభమైనది. మన వీధులలో తిరిగిన జీపులలో అనేకములకు వెనుక చక్రములకు మాత్రమే శక్తి యుండెను. ప్రయాణికులను మోయు పొడవు జీపులకు ముందు ఇరుసు ఖర్చు అనవసరమని కొన్నవారు తలచిరి. అది వారి యక్కరనుబట్టి న్యాయమే. కాని పేరు మాత్రము జీపు. నేటికిని ఇదే జరుగుచున్నది. 2020లో క్రొత్త రూపము దాల్చిన థార్ అను బండి 2023 జనవరి నుండి వెనుక చక్రముల శక్తితో మాత్రమే నడచు విధముగా గూడ అమ్మబడుచున్నది. ముఖము ఒక్కటే, పేరు ఒక్కటే. ఒకటి 4×4, రెండవది 4×2. చూపును నమ్మినవాడు ఈ రెంటిని ఒకే జాతిలో చేర్చును. వాగులోని ఇసుక మాత్రము చేర్చదు.

పేరు మాత్రమే గాక పాత సూత్రములును కొన్ని మోసపుచ్చును. నిచ్చెనవంటి ఉక్కు చట్రముపై వేరుగా పెట్టెను బిగించిన బండియే నిజమైన కొండబండి యనియు, చట్రము లేక పెట్టెయే దేహముగా గలది కారు జాతిదనియు చాలమంది యందురు. 1977లో రష్యాలో వెలువడిన నీవా బండి ఈ సూత్రమును కాదనినది. దానికి వేరు చట్రము లేదు, ముందు ఇరుసు గట్టిది కాదు. అయినను ఎల్లప్పుడు నాలుగు చక్రముల శక్తి, మంద గేరు, నడిమి డిఫరెన్షియల్‌కు తాళము కలవు. మంచులోను బురదలోను అది చట్రము గల బండ్లతో సమానముగా పేరు పొందినది. అట్లే 2016 జనవరి 29న సోలిహల్ కర్మాగారమున పాత ల్యాండ్ రోవర్ డిఫెండర్ తయారీ ఆగిపోగా, 2019లో అదే పేరుతో చూపిన క్రొత్త డిఫెండరుకు నిచ్చెన చట్రము లేదు. పేరు నిలిచినది, ఎముకలు మారినవి. కావున ఒక్క లక్షణమును పట్టుకొని జాతిని నిర్ణయించుట చెల్లదు. లక్షణముల సమూహమును చూడవలెను.

అట్లయిన మీ వర్గీకరణ మెట్టిదని పాఠకులు అడుగవచ్చును. పనిని బట్టి నాలుగు కుటుంబము లని మేము చెప్పుదుము. మొదటిది పొలమునకును సైన్యమునకును పుట్టిన చిన్నబండ్లు. విల్లీస్ జీపు, తొలి ల్యాండ్ రోవర్లు, టొయోటా 40వ శ్రేణి, జోంగా, జిప్సీ ఈ కుటుంబములోనివి. వీనికి సుఖము లేదు. ఊరి కమ్మరికొట్టులో బాగుచేయగల సాదాతనము కలదు. రెండవది బరువు మోయుటకు పుట్టినవి. జర్మనీ దేశపు ఉనిమాగ్ యుద్ధానంతరము రైతుల కొరకు పుట్టినది. దాని ఇరుసు చక్రపు నడిబిందువుకంటె ఎత్తున నుండి, చక్రముల చెంత గల పండ్లచక్రములద్వారా శక్తినిచ్చుటచే, క్రింద రాళ్లు తగులవు. ఆస్ట్రియా దేశపు పింజ్‌గౌవర్ ఈ కుటుంబమునకే చెందును.

మూడవ కుటుంబము దూరప్రయాణమునకు పుట్టినవి. 1970లో వెలువడిన రేంజ్ రోవర్ కమాను పట్టీలకు బదులు చుట్టలు చుట్టిన స్ప్రింగులను, ఎల్లప్పుడును నాలుగు చక్రముల శక్తిని కలిగి, పొలములోను రహదారిమీదను ఒకే బండి నడువగలదని నిరూపించినది. 1979లో ఆస్ట్రియాలోని గ్రాజ్ నగరమున తయారైన మెర్సిడెస్ జీ-వాగన్ సైన్యపు బండి యైనను క్రమముగా ఈ కుటుంబములో చేరినది. నాల్గవ కుటుంబము రహదారిని విడువనివి. 1966 నాటి జెన్సన్ ఎఫ్ఎఫ్, 1980 నాటి ఆడీ క్వాట్రో వంటి కార్లకు నాలుగు చక్రముల శక్తి కలదు. అది తడిరోడ్డుమీదను మంచుమీదను జారకుండుటకే గాని గుట్ట లెక్కుటకు కాదు. 1994 నుండి టొయోటా రావ్‌ఫోర్‌తో వ్యాపించిన ఎత్తైన కార్లు ఈ కుటుంబమునకే చెందును. ఇవి హీనమైనవని మే మనుట లేదు. పిల్లిని పులి యనుట పిల్లికి మర్యాద కాదు.

ఈ కుటుంబములను నిర్ణయించుటకు మోటారు పండితుడు కానక్కర లేదు. నాలుగు ప్రశ్నలు చాలును. శక్తి ఎన్ని చక్రములకు, ఏ విధముగా చేరుచున్నది? మంద గేరు ఉన్నదా? ఒక చక్రము లేచినప్పుడు తక్కినవి లాగుటకు తాళము గాని దానికి సమానమైన ఉపాయము గాని కలదా? నేలకును బండికిని నడుమ ఎంత ఎడము కలదు, ముందు వెనుకల కోణము లెంత? ఇది మా స్వకపోలకల్పితము కాదు. ఐరోపా దేశముల వాహనపు నిబంధనలలో కొండబాటల బండ్లకు జీ అను ప్రత్యేకాక్షరము కలదు. చిన్నబండికి అది లభింపవలెనన్నచో ముందు వెనుక ఇరుసులు రెండును లాగవలెను. డిఫరెన్షియల్ తాళము గాని దానికి సరియైనది గాని యుండవలెను. నూటికి 25 వంతుల వాలును ఎక్కగలుగవలెను. ముందు కోణము 25 డిగ్రీలు, వెనుక కోణము 20 డిగ్రీలు, ఇరుసుల నడుమ నేలయెడము 200 మిల్లీమీటర్లు మొదలగు ఆరు కొలతలలో ఐదైనను నెరవేరవలెను. ఇందులో పేరు లేదు, ముఖము లేదు. చేయగల పని మాత్రమే కలదు.

దీనితో మన దేశపు పన్నుల లెక్కను పోల్చి చూడుడు. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు ఎస్‌యూవీ యనునది 4,000 మిల్లీమీటర్లకు మించిన పొడవును, 1,500 ఘనసెంటీమీటర్లకు మించిన ఇంజనును, 170 మిల్లీమీటర్లు గాని అంతకు మించి గాని నేలయెడమును గలిగి, జనులచే ఆ పేరుతో పిలువబడు బండి యని నిర్వచించిరి. 2023 జూలైలో జీఎస్టీ మండలి పేరు ఏదైనను కొలతలే చాలునని సవరించినది. పేరును విడుచుట మంచిదే. కాని రెండు నిర్వచనములలోను ఎన్ని చక్రములు లాగుచున్నవను ప్రశ్న లేదు. 2025 సెప్టెంబరు 22 నుండి ఆ అదనపు సుంకము పోయి, పొడవు 4,000 మిల్లీమీటర్లు మించక, పెట్రోలు ఇంజను 1,200 గాని డీజిలు ఇంజను 1,500 గాని ఘనసెంటీమీటర్లు మించని బండ్లకు నూటికి 18, తక్కిన పెద్ద కార్లకు నూటికి 40 చొప్పున పన్ను ఏర్పడినది.

ఫలిత మేమి? 3,985 మిల్లీమీటర్ల పొడవు గల థార్ బండిలో 1,500కు లోపలి డీజిలు ఇంజనుతో వెనుక చక్రములు మాత్రమే లాగునది చిన్నబండ్ల వరుసలో 18 వంతుల పన్ను చెల్లించును. అదే పొడవు గలదై నాలుగు చక్రములును లాగునది పెద్ద ఇంజను కారణముగా 40 వంతులు చెల్లించును. 2023లో వచ్చిన జిమ్నీ అను బండియు పొడవున 3,985 మిల్లీమీటర్లే. జిప్సీ వంశమున పుట్టి, మంద గేరు గల ఈ చిన్న కొండబండి 1,462 ఘనసెంటీమీటర్ల పెట్రోలు ఇంజను గల దోషమున విలాసపు కార్ల సరసన నిలిచినది. ఇంజను పరిమాణముపై పన్ను వేయుట తప్పని మేము వాదింపము. ఇంధనము తగులబడుటకు అదియు ఒక కొలతయే. కాని కొండవానికి పనిముట్టు వంటి బండిని, పట్టణపు ఎత్తుకారును ఒకే కొలతతో కొలుచుట న్యాయము కాదు.

ఇది ధనవంతుల వినోదమునకై చేయు వాదమని అనుకొనవలదు. అల్లూరి సీతారామరాజు జిల్లా కొండలలో మోటారు చేరని పల్లె లనేకములు కలవు. ప్రసవవేదనలో నున్న స్త్రీలను డోలీ కట్టి మైళ్లకొలది మోయుచున్నారను వార్తలు ఇటీవలి సంవత్సరములలోను వచ్చుచునే యున్నవి. రోడ్డు వేయుటయే దానికి అసలు మందు. అందు సందేహము లేదు. కాని రోడ్డు వచ్చువరకును, వచ్చిన రోడ్డు వానలకు కొట్టుకొనిపోయిన దినములలోను, మంద గేరును తాళమును గల బండి డోలీ దూరమును కొంతైనను తగ్గింపగలదు. అట్టి చోటికి బండిని కొను అధికారి జీపు అని వ్రాసి పంపినచో ఏ జీపు వచ్చును? పత్రములో నాలుగు ప్రశ్నలకు సమాధానములు వ్రాసినచో సరియైన బండి వచ్చును. వర్గీకరణముయొక్క ప్రయోజన మింత ప్రత్యక్షము.

పాతబండ్ల సంరక్షణములోను ఇదే మాట. 2021 జూలైలో కేంద్రప్రభుత్వము చేసిన నియమముల ప్రకారము మొదటి రిజిస్ట్రేషను నుండి 50 సంవత్సరములు దాటిన స్వంత వాహనములు పురాతన వాహనములుగా నమోదగును. వాని సంఖ్యాఫలకమున వీఏ అను అక్షరము లుండును. చట్రము, పైపెట్టె, ఇంజను పెద్దగా మార్పు పొందియుండరాదు. వయస్సుతో పాటు దేహమును గూడ చూచిన ఈ నియమము మెచ్చదగినది. అయితే మన జీపులలో చాలవాని పెట్రోలు ఇంజనును తీసి డీజిలు ఇంజనును పెట్టిరి. రేకులు చివికినచో క్రొత్త రేకులు కొట్టించిరి. అవి బీదవాని బండ్లు. నడచినగాని అన్నము లేదు. అట్టి బండి యథాతథమైనది కాకపోవచ్చును గాని, అది చేసిన సేవ చరిత్ర కాకపోదు. వానికి "మార్పు చెందిన పనిబండ్లు" అని వేరొక వరుస నేర్పరచి, మార్పులను వ్రాసి యుంచి కాపాడుట యుక్తమని మా సూచన.

మా వాదమునకు రెండు ఆక్షేపణలు రాగలవు. అమ్మబడు 4×4 బండ్లలో అనేకములు తారురోడ్డు దిగవు గదా, అట్టి వానికి ఈ గౌరవ మేల యనునది మొదటిది. నిజమే. కావుననే తగ్గింపు ఏదైన ఇచ్చినచో బండితో పాటు వాడుకను గూడ చూచి, కొండ మండలముల వైద్య, వ్యవసాయ, అటవీ పనులకు ఇవ్వవలె నందుము. ఇట్టి బండ్లు ఇసుకతిన్నెలను, అడవులను, తాబేళ్లు గ్రుడ్లు పెట్టు సముద్రతీరములను త్రొక్కి పాడుచేయు ననునది రెండవ ఆక్షేపణ. ఇదియు నిజమే. దారి లేనిచోట నడువగలుగుట వేరు, నడుచుటకు హక్కు కలుగుట వేరు. కత్తి పదునైనదని కనబడిన చెట్టునెల్ల నరుకుదుమా?

విద్యార్థులకు ఒక హెచ్చరిక చేయుట మా విధి. నాలుగు చక్రముల శక్తి బండిని కదలించుటకు తోడ్పడును గాని ఆపుటకు తోడ్పడదు. ఏ కారునకైనను బ్రేకులు నాలుగు చక్రములకే యుండును. కావున తడి కనుమదారిలో 4×4 యని వేగముగా దిగువాడు తక్కినవారివలెనే జారును. పొంగిన వాగులో బండి దేహము నీటిపై తేలి, చక్రములు నేలను విడిచిన క్షణమున, ఎన్ని చక్రములకు శక్తి యున్నను పట్టు సున్నయే. పేరును నమ్మి వాగున దిగుట కంటె ఒడ్డున నిలిచి వేచియుండుట మేలు. ఇంటిలో బండి కొనదలచిన తలిదండ్రులును ముందు తమ దారి యెట్టిదో చూచుకొని, పిదప బండిని చూచుట మంచిది. వాగు గాని, నిటారు కనుమ గాని లేని యూరివారికి మంద గేరు వృథావ్యయమే.

మన సైన్సు తరగతివారు ఈ సంవత్సరము సెలవులలో తమ యూరిలోని పాతజీపుల నొక్కొక్కటిగా చూచి, పై నాలుగు ప్రశ్నలకు సమాధానములను పుస్తకమున వ్రాసికొనవచ్చును. ముందు ఇరుసు నడుమ గుండ్రని ఉబ్బు ఉన్నదా? గేరుకఱ్ఱ ప్రక్కన చిన్నకఱ్ఱలు మరి యున్నవా? ఇంజను పుట్టినప్పటిదా, మార్చినదా? ఏ పనికి కొన్నారు, ఏ పనికి వాడిరి? నడిపిన డ్రైవరు గారిని మర్యాదతో అడిగినచో, పుస్తకములలో లేని సంగతులు చెప్పగలరు. పది గ్రామముల నుండి ఇట్టి పట్టికలు వచ్చినచో అది యొక చిన్న చరిత్ర యగును. వంగి బండి క్రింద చూచుటకు సిగ్గుపడవలదు. జాతి తెలియునది అక్కడనే.